మొహమాటం పక్కన పెట్టి అడగండి

పాత విద్యార్థి ఫోన్ చేస్తాడు. "సార్, తార్నాకలోనే ఉన్నాను, ఇంటికి రావచ్చా?" వస్తాడు. చేతిలో స్వీట్ల డబ్బా, భుజాన సంచి. కాసేపు కుశల ప్రశ్నలయ్యాక సంచిలోంచి పసుపు రంగు తీగ ఒకటి తీసి బల్ల మీద పెడతాడు. రెండు చివర్లా ఆకుపచ్చ కనెక్టర్లు. నాచారంలో చిన్న షెడ్డు అద్దెకు తీసుకుని ఇలాంటి ఆప్టికల్ ఫైబర్ ప్యాచ్ కార్డులు, స్ప్లిటర్లు తయారు చేస్తున్నానంటాడు. పల్లెపల్లెకూ ఫైబర్ పరుస్తున్నారు, ఆర్డర్లు ఉన్నాయి, మెషిన్లకే డబ్బు చాలడం లేదంటాడు. "బయటివాళ్లను కలుపుకోవడం ఇష్టం లేదు సార్. మీరు 20 లక్షలు పెడితే రెండు శాతం వాటా రాసిస్తాను."

మీరు అతని పెళ్లికి వెళ్లారు. వాళ్ల నాన్న మీకు తెలుసు. ఉస్మానియాలో మీ చేతికింద చదువుకుని, ఉద్యోగం కోసం తిరక్కుండా పదిమందికి పని చూపిస్తున్న కుర్రవాడు. మీకు గర్వంగా ఉంటుంది, ఉండాలి కూడా. సరిగ్గా ఆ గర్వం దగ్గరే గొంతులో ఒక ప్రశ్న ఆగిపోతుంది. "మీ లెక్కల కాగితాలు చూపిస్తావా?" అని అడగాలి. అడగలేరు. అడిగితే అనుమానించినట్టు ఉంటుందని భయం.

ఈ అధ్యాయం ఆ భయం గురించే. తెలుగువాళ్లం దానికి మొహమాటమని ముద్దుగా ఒక పేరు పెట్టుకున్నాం. అన్నం దగ్గర ఇంకొంచెం వేయించుకోవడానికి మొహమాటపడితే పోయేదేమీ లేదు. డబ్బు దగ్గర పడితే స్నేహమూ డబ్బూ రెండూ పోతాయి.

నాకు పోయాయి. 1990లలో మౌలాలిలో ఒక మిత్రుడు టెలిఫోన్ కేబుళ్లను అతికే జాయింటింగ్ కిట్లు తయారు చేసేవాడు. 40 వేలు ఇచ్చాను. ఆ రోజుల్లో అది నాకు చాలా నెలల జీతం. టెలిఫోన్ కోసం జనం ఏళ్ల తరబడి వరసలో ఉన్న కాలం గనక ఈ వ్యాపారానికి తిరుగు లేదనుకున్నాను. అతని సరుకు కొనేది ఎవరు, ఎంతమంది అని అడగలేదు. కొనేది ఒక్కరే. ఆ ఒక్కరు రెండేళ్లు టెండరు పిలవకపోయేసరికి షెడ్డు మూతపడింది. మిత్రుడు నా ముఖం చూడలేక ఆ తర్వాత మా వీధికే రావడం మానేశాడు. మోసం చేయలేదు, నన్ను నమ్మించనూ లేదు. అడిగి ఉంటే చెప్పేవాడు.

రెండు వేర్వేరు ప్రశ్నలు

ఫైబర్ వాడకం పెరుగుతుందా? పెరుగుతుంది, ఇందులో వాదన అక్కర్లేదు. గ్రామ పంచాయతీలన్నిటినీ ఫైబర్‌తో కలిపే పథకాన్ని కేంద్రం 2011లో మొదలుపెట్టింది. ఇప్పుడు భారత్‌నెట్ అంటున్నది దాన్నే. 2023 ఆగస్టులో దాని తర్వాతి దశకు 1,39,579 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్‌నెట్ సంస్థ కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగింది. తెలంగాణలో టీ-ఫైబర్ కోసం మిషన్ భగీరథ నీళ్ల గొట్టాల కందకాల్లోనే ఫైబర్ గొట్టమూ వేశారు. డేటా సెంటర్లు వచ్చాయి, వాటి లోపల కిలోమీటర్ల కొద్దీ ఫైబర్ ఉంటుంది.

ఈ కంపెనీ డబ్బు సంపాదిస్తుందా? ఇది పూర్తిగా వేరే ప్రశ్న. మొదటి ప్రశ్నకు వచ్చిన జవాబును రెండోదానికి అతికించుకోవడం వల్లే చదువుకున్నవాళ్లు కూడా దెబ్బతింటారు.

దీనికి పెద్ద సాక్ష్యం అమెరికాలో ఉంది. జేడీఎస్ యూనిఫేజ్ అనే కంపెనీ సరిగ్గా ఈ ఫైబర్ విడిభాగాలే తయారు చేసేది. ఇంటర్నెట్ ఉధృతిలో దాని షేరు 2000 మార్చిలో 150 డాలర్లు దాటింది. ఆ ఊపులో ఇతర కంపెనీలను కళ్లు తిరిగే ధరలకు కొన్నది. టెలికాం కంపెనీలు అప్పులు చేసి అవసరానికి మించి ఫైబర్ పరిచాయి, ఒకరోజున కొనడం ఆపేశాయి. 2001 జూన్‌తో ముగిసిన ఏడాదికి జేడీఎస్ యూనిఫేజ్ చూపించిన నష్టం సుమారు 5,600 కోట్ల డాలర్లు. అందులో ఎక్కువ భాగం ఎక్కువ ధర పెట్టి కొన్న కంపెనీల విలువను రాసిపారేయగా వచ్చినదే. 2002 చివరికి షేరు మూడు డాలర్ల లోపు. 1970లో లోకంలో మొదటిసారి పనికొచ్చే ఫైబర్ తీసిన కార్నింగ్ షేరు కూడా 100 డాలర్ల పైనుంచి రెండు డాలర్ల కిందికి జారింది.

ఇందులో మనం గుర్తించాల్సిన సంగతి ఒకటుంది. ఆ రెండేళ్లూ, ఆ తర్వాతా, ఇంటర్నెట్‌లో పారే సమాచారం ఒక్క ఏడాదైనా తగ్గలేదు. పెరుగుతుందన్నవాళ్ల జోస్యం అక్షరాలా నిజమైంది. జోస్యాన్ని నమ్మి షేరు కొన్నవాళ్లే మునిగిపోయారు.

అంత దూరం ఎందుకంటారా, హైదరాబాద్‌లోనే సురానా టెలికాం ఉంది. టెలిఫోన్లకు జెల్లీ నింపిన రాగి కేబుళ్లు చేసిన కంపెనీ. సెల్‌ఫోన్ వచ్చి రాగి తీగ అవసరాన్ని మింగేసింది. ఇవాళ ఆ కంపెనీ పేరు సురానా టెలికాం అండ్ పవర్, వ్యాపారం సౌర విద్యుత్తు వైపు మళ్లింది. కొత్త దారి వెతుక్కోవడానికి దాని వెనక ఒక పెద్ద వ్యాపార కుటుంబం ఉంది. నాచారం షెడ్డు వెనక ఎవరున్నారు?

షెడ్డుకు వెళ్లి చూడండి

ఇంట్లో సోఫాలో కూర్చుని నిర్ణయం తీసుకోకండి. తార్నాక నుంచి నాచారం ఎంత దూరం! ఒక పనిదినం మధ్యాహ్నం వెళ్లండి. ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చదివే పిల్లలు తెలిసినవాళ్లుంటే ఒకరిని వెంట తీసుకెళ్లండి. వాళ్లకూ పాఠమవుతుంది.

అక్కడ ఏం జరుగుతుందో ముందుగా తెలుసుకుంటే మంచిది. ఫైబర్ అంటే గాజు దారం. దూరాలకు వాడే రకంలో వెలుగు పారే నడిమి భాగం వెడల్పు సుమారు తొమ్మిది మైక్రాన్లు, మన వెంట్రుకలో ఏడెనిమిదో వంతు. రెండు దారాలను ఎదురెదురుగా నిలబెట్టి ఒకదానిలోంచి ఇంకొకదానిలోకి వెలుగు పోనివ్వడమే కనెక్టర్ పని. అందుకోసం దారం చివరను ఫెర్రూల్ అనే చిన్న పింగాణీ గొట్టంలో దూర్చి, జిగురుతో బిగించి, కొసను అద్దంలా పాలిష్ చేస్తారు. ఆకుపచ్చ కనెక్టర్ కొసను ఎనిమిది డిగ్రీల వాలుగా అరగదీస్తారు, తిరిగి వచ్చే వెలుగు దారిలో అడ్డం పడకుండా. స్ప్లిటర్ ఒక దారంలో వచ్చిన వెలుగును ఎనిమిది ఇళ్లకో ముప్పై రెండు ఇళ్లకో పంచుతుంది. వెలుగును ఎనిమిది భాగాలు చేస్తే సిద్ధాంతం ప్రకారమే ఒక్కో దారికి తొమ్మిది డెసిబెల్స్ తగ్గుతుంది. ఆపైన ఎంత తక్కువ పోతే సరుకు అంత మంచిది.

ఇలాంటి చిన్న కంపెనీలు చాలావరకు ఫెర్రూల్‌నూ స్ప్లిటర్ లోపలి చిప్‌నూ తామే తయారు చేయవు. కొంటాయి, ఎక్కువగా చైనా నుంచి. జిగురు, పాలిష్, పరీక్ష, పెట్టెలో పెట్టడం ఇక్కడి పని. ఇందులో చిన్నతనమేమీ లేదు. శుభ్రంగా పాలిష్ చేయడం నిజమైన విద్య. కానీ అదే మెషిన్లు, అదే చిప్పులు కొని రేపు మల్లాపూర్‌లో ఇంకొకరు మొదలుపెట్టగలరా అన్నది మీరు తేల్చుకోవాలి. దారం నుంచి కేబుల్ దాకా సొంతంగా చేసే పెద్ద కంపెనీ తీగతో పాటు ప్యాచ్ కార్డూ తానే అమ్మితే ఈ షెడ్డు ఏం చేస్తుందన్నదీ అడగండి. హెచ్‌ఎఫ్‌సీఎల్ వంటి పెద్ద సంస్థ ఫైబర్ ఫ్యాక్టరీ మన హైదరాబాద్‌లోనే ఉంది.

షెడ్డులో యజమానిని కాదు, మైక్రోస్కోప్ ముందు కూర్చున్న అమ్మాయిని పలకరించండి. "వంద కనెక్టర్లు పాలిష్ చేస్తే మొదటిసారే ఎన్ని పాసవుతాయమ్మా?" చేతిపని మీద గౌరవంతో అడిగితే నిజం చెబుతుంది. మళ్లీ అరగదీసిన ప్రతి కనెక్టరూ లాభంలోంచి తీసిన ముక్కే. పనికిరానివి పడేసే డబ్బా వైపు చూడండి. నేల మీద దుమ్ము చూడండి, ఎందుకంటే తొమ్మిది మైక్రాన్ల దారికి ఒక్క ధూళికణం అడ్డుపడితే చాలు. పరీక్ష కాగితాలు ప్రతి బ్యాచ్‌కూ ఉన్నాయా, ఒకే కాగితం ఫొటోకాపీ చేసి పెట్టారా అన్నది కూడా తిరగేస్తే తెలిసిపోతుంది.

నేను చూసిన మంచి షెడ్లలో ఒక లక్షణం ఉమ్మడిగా ఉండేది. అక్కడ వాపసు వచ్చిన సరుకు గురించి అడిగితే యజమాని నొచ్చుకోడు. ఫైలు తీసి, ఎందుకు వచ్చిందో, ఏం మార్చాడో చెబుతాడు. చెప్పేటప్పుడు ముఖంలో ఒక ఉత్సాహం కూడా కనిపిస్తుంది.

లాభం కాగితం మీద, డబ్బు ఎక్కడ?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. లెక్కకోసం మన కుర్రవాడి కంపెనీ అంకెలు ఇలా ఉన్నాయనుకోండి. ఏడాది అమ్మకాలు 6 కోట్లు. పన్ను పోను లాభం 48 లక్షలు. కొన్నవాళ్ల దగ్గరి నుంచి రావలసిన బాకీలు 2 కోట్ల 40 లక్షలు. షెడ్డులో సరుకు నిల్వ కోటి.

నూటికి ఎనిమిది లాభం! ఎవరికైనా ముచ్చటగానే ఉంటుంది. మీరు మాత్రం బాకీల అంకె దగ్గర ఆగండి. 2.40ని 6తో భాగించి 365తో గుణిస్తే 146 రోజులు. బాకీలో జీఎస్టీ కలిసి ఉంటుంది కాబట్టి ఆ 18 శాతం తీసి చూసినా నాలుగు నెలలు. అంటే ఉగాదికి పంపిన సరుకు డబ్బు శ్రావణ మాసంలో చేతికొస్తుంది. చైనావాడు ఆగడు, చిప్పులు ఓడ ఎక్కకముందే డబ్బు కట్టాలి. జీతాలు ప్రతి నెలా ఒకటో తారీఖున. మధ్యలో ఉన్న ఆ నాలుగు నెలల ఖాళీని బ్యాంకు క్యాష్ క్రెడిట్ ఖాతా నింపుతుంది, వడ్డీకి.

ఇక ఆర్డర్లు రెట్టింపైతే? అమ్మకాలు 12 కోట్లవుతాయి. అదే తీరున సాగితే బాకీలు 4 కోట్ల 80 లక్షలు, నిల్వ 2 కోట్లు. అదనంగా 3 కోట్ల 40 లక్షలు కావాలి. లాభం కూడా రెట్టింపైందనుకున్నా వచ్చేది 96 లక్షలు. మిగతాది ఎక్కడిది? ఇంకా అప్పు చేయాలి, లేదా కొత్త వాటాలు అమ్మాలి. అమ్మితే మీ రెండు శాతం కరిగిపోతుంది. ఆర్డర్లు వస్తున్నకొద్దీ ఊపిరాడని కంపెనీలను చూసి బయటివాళ్లు ఆశ్చర్యపోతారు. ఆశ్చర్యమేమీ లేదు, ఈ భాగహారం ఎవరూ చేయకపోవడమే కారణం.

మెషిన్ల కోసమని అడిగిన మీ 20 లక్షలు చివరికి మెషిన్‌లోకి పోవు. ఎవరో ఒక కాంట్రాక్టరు చెల్లించని బిల్లులో వెళ్లి కూర్చుంటాయి. అందుకని ఆ కాంట్రాక్టరు ఎవరో మీకు తెలియాలి.

బాకీదారుల జాబితా అడగండి. పేరు, మొత్తం, ఎన్ని రోజులైంది. మొదటి పేరు ఒక్కటే సగానికి పైగా ఉంటే మీరు ఈ కుర్రవాడి మీద కాదు, ఆ పేరు మీద పెట్టుబడి పెడుతున్నట్టు. ప్రభుత్వ పథకాల్లో అతి తక్కువ ధర వేసినవాడికి పని, అతని కింద సబ్ కాంట్రాక్టరు, ఆ కింద మన షెడ్డు. పైన బిల్లు ఆగితే కింద అందరికీ ఆగుతుంది.

చట్టం ఉంది కదా అంటారు. ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో చిన్న పరిశ్రమకు డబ్బు కట్టాలి. ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడింతల చక్రవడ్డీ. ఆ గడువులో కట్టకపోతే కొన్నవాడు ఆ ఏడాది దాన్ని ఖర్చుగా చూపించుకోకుండా, నిజంగా కట్టిన ఏడాదే చూపించుకోవాలని ఆదాయపు పన్ను నిబంధన కూడా 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. కాబట్టి అడగండి: "చిన్న పరిశ్రమగా ఉద్యం రిజిస్ట్రేషన్ ఉందా? 45 రోజులు దాటినవాళ్లకు ఎప్పుడైనా వడ్డీ బిల్లు పంపావా?" చాలామంది పంపరు. పంపితే వచ్చే ఆర్డరు పోతుందని భయం. మీరు కుర్రవాడి దగ్గర మొహమాటపడుతున్నారు, అతను కాంట్రాక్టరు దగ్గర మొహమాటపడుతున్నాడు. మధ్యలో నలిగేది మీ డబ్బు.

రక్షణ రంగానికో పరిశోధనా సంస్థలకో చేసే పని ఉంటే కొంచెం వేరుగా తూచండి. అలాంటి కొనుగోళ్లలో ఆమోదం రావడానికి ఏళ్లు పడుతుంది, పరిమాణమూ తక్కువే. కానీ ఒకసారి ఆమోదించిన భాగాన్ని అంత తేలిగ్గా మార్చరు. హైదరాబాద్ వంటి ఊళ్లో చిన్న కంపెనీకి దొరికే అసలైన కోట గోడ అదే అని నా నమ్మకం. టెండరు ప్యాచ్ కార్డు ఎవరైనా చేస్తారు.

కాగితాలు

ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో వంద రూపాయల రుసుము కట్టి అది దాఖలు చేసిన బ్యాలెన్స్ షీట్లు ఎవరైనా చూడొచ్చు. ఏ బ్యాంకుకు ఏ ఆస్తి తాకట్టులో ఉందో కూడా తెలుస్తుంది. 20 లక్షలు పెట్టేవాడు వంద రూపాయలకు వెనకాడకూడదు. అక్కడి అంకెలూ ఇంట్లో చెప్పిన అంకెలూ ఒకటేనా చూడండి. వాటితో పాటు ఏడాది బ్యాంకు స్టేట్‌మెంట్లు, జీఎస్టీ రిటర్నులు అడిగి తీసుకోండి. బిల్లు రాయడం తేలిక, ఖాతాలో డబ్బు పడటం కష్టం.

డబ్బు ఇచ్చే పద్ధతి కూడా ముఖ్యం. మీ పేరు మీద ఆఫర్ లెటర్ రావాలి. బ్యాంకు ద్వారానే కట్టాలి, నగదుకు చట్టం ఒప్పుకోదు. 60 రోజుల్లో మీకు వాటాలు కేటాయించాలి, లేదంటే ఆ తర్వాత 15 రోజుల్లో డబ్బు తిరిగివ్వాలి. "ముందు ఇవ్వండి సార్, కాగితాలు తర్వాత చూసుకుందాం" అన్న మాట ఎంత ఆప్యాయంగా వచ్చినా అక్కడే ఆగిపోండి. ఇంకొక ప్రశ్న కూడా ముందే అడగాలి: నాకు అవసరం పడి అమ్ముకోవాలంటే ఎవరు కొంటారు, ఏ లెక్కన? ప్రైవేట్ కంపెనీ వాటాను బజార్లో అమ్ముకోలేం. ఆ జవాబు ఒప్పందంలో రాసి ఉండాలి.

ఇవన్నీ అడిగితే బాధపడతాడేమో అని ఇంకా మీ మనసు పీకుతుంటే ఒక మాట వినండి. బ్యాంకు మేనేజరు ఇంతకన్నా ఎక్కువే అడిగాడు, అతను ఇచ్చాడు కూడా. మీరు అడిగితే అతని వ్యాపారాన్ని పట్టించుకున్నట్టు. "నీ మీద నమ్మకం ఉంది నాన్నా, నీ బాకీదారుల మీద లేదు. వాళ్ల సంగతి చూద్దాం పద" అనండి. చదువు చెప్పిన చనువుతో అనగలిగే మాట అది.

ధర సంగతి చివరికి పెట్టాను, నిజానికి అదే తేలిక. 20 లక్షలకు రెండు శాతమంటే కంపెనీ మొత్తం విలువ 10 కోట్లని అతను చెబుతున్నట్టు. 48 లక్షల లాభానికి అది దాదాపు 21 రెట్లు. బాకీలు నాలుగు నెలలు నిలిచిపోయి, సొంత చిప్ లేక, వాటా అమ్ముకునే దారి కూడా లేనిచోట 21 రెట్లు చాలా ఎక్కువ. ఈ అంకెలతో నా దగ్గరికి వస్తే నేను పెట్టను. మూడు నెలల్లోపు బాకీలు వసూలయ్యేలా ఒక ఏడాది నడిపి చూపించి, ఏ ఒక్క కొనుగోలుదారూ అమ్మకాల్లో మూడో వంతు దాటకుండా చూసుకుని, 5 కోట్ల విలువకు మళ్లీ వస్తే మాట్లాడతాను. అప్పుడైనా, పోతే ఇల్లు గడవడానికి ఇబ్బంది లేనంత డబ్బే ఇస్తాను. ఈ మాట అతనికి ముఖాముఖి, స్వీట్ల డబ్బా తెరిచి ఒకటి నోట్లో వేసుకున్నాక, అదే రోజు చెప్పేస్తాను.